పాపతో బయటికి వెళ్లే సంచిని గంటల లెక్కన సర్దుకోండి

ప్రశ్న: మా పాపకు నాలుగు నెలలు. ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. ఎక్కువగా నా పాలే ఇస్తున్నాను, బయటికి వెళ్లినప్పుడు మాత్రం ఒక పూట డాక్టరు చెప్పిన పాలపొడి కలిపి పడుతున్నాను. పాప పుట్టినప్పుడు నా స్నేహితురాలు పదహారు అరలున్న పెద్ద సంచి కానుకగా ఇచ్చింది. దాన్ని ఒక భుజానికే తగిలించుకోవాలి. ఈ మధ్య బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఆ సంచి నిండా సామాను పెట్టుకుని మెడ, నడుము నొప్పి పుట్టేలా మోశాను. తీరా పాప దొడ్డికి వెళ్లి బట్టలన్నీ పాడయ్యేసరికి డైపర్లు ఏ అరలో పెట్టానో దొరకలేదు, దొరికాక చూస్తే మార్చడానికి గౌను లేదు. అప్పటి నుంచి పాపను తీసుకుని గడప దాటాలంటే భయంగా ఉంది. కొత్త సంచి కొనుక్కోవాలా? కొంటే వీపుకు తగిలించుకునేదా, భుజానికి వేసుకునేదా? అందులో ఏవి, ఎన్ని ఉండాలి? వచ్చే వారం పాపకు టీకా వేయించాలి. మా వారికి సెలవు దొరకలేదు కనుక నేనొక్కదాన్నే తీసుకువెళ్లాలి. రానూపోనూ మూడు గంటలు పడుతుంది.

సమాధానం: అమ్మా, సంచి నిండా సామాను ఉన్నా కావలసిన క్షణంలో డైపరు దొరకలేదని, గౌను అసలే లేదని మీరు రాశారు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదేనని నాకు తోచింది. ఆ రోజు మీరు నొప్పి భరించి మోసిన బరువులో చాలా భాగం మీకు అక్కరకు రాలేదు. ఇది మీ అజాగ్రత్త వల్ల జరిగిందని అనుకోకండి. పసిబిడ్డ సంచిని సర్దేటప్పుడు మనమందరం వస్తువుల పేర్లు తలుచుకుంటూ, గుర్తుకు వచ్చిన దాన్ని గుర్తుకు వచ్చినట్టు ఒక్కో అరలో పెడుతూ పోతాము. అవసరం మాత్రం పని రూపంలో ఎదురవుతుంది: డైపరు మార్చాలి, పాలు పట్టాలి, కక్కిన పాలు తుడవాలి, తడిసిన బట్ట విప్పి పొడిబట్ట తొడగాలి. ఒక్కో పనికి నాలుగైదు వస్తువులు ఒకేసారి కావలసి వస్తాయి, ఆ సమయంలో మీకు ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యి మాత్రమే. అందువల్ల ఇల్లు వదిలి ఉండే గంటలను బట్టి ఏ పని ఎన్నిసార్లు వస్తుందో తేల్చుకుని, ఆ పనులకు తగినట్టు సంచిని కట్టుకోవాలని నా సలహా. ఏ సంచి కొనాలన్న ప్రశ్నకు జవాబు ఆ లెక్క తేలాక దానంతట అదే చాలావరకు తేలుతుంది.

గడప దాటినప్పటి నుంచి తిరిగి గడప తొక్కే వరకు ఎంత సమయం పడుతుందో చూసి, దానికి ఆలస్యం కింద ఒక గంట కలపండి. ప్రయాణం దూరమైతే రెండు గంటలు కలపండి. వచ్చిన మొత్తానికి రెండు గంటలకు ఒక డైపరు చొప్పున లెక్క వేసి, ఆపైన రెండు అదనంగా పెట్టుకోండి. మీ టీకా ప్రయాణానికి మూడు గంటలు, ఆలస్యానికి ఒక గంట, మొత్తం నాలుగు గంటలు కాబట్టి రెండు డైపర్లు, అదనంగా మరి రెండు, వెరసి నాలుగు సరిపోతాయి. పదో పన్నెండో పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుందనిపిస్తుంది కానీ, అవి ఆక్రమించిన చోటులోనే ఆ రోజు గౌను ఉండవలసింది. వైప్స్ కూడా ఇంతే. ఇంట్లో వాడే పెద్ద ప్యాకెట్టును మోసుకుపోనక్కరలేదు. ఒక్కో మార్పుకు ఐదారు చొప్పున తీసి, తడి ఆరిపోకుండా గట్టిగా మూతపడే చిన్న ప్యాకెట్టులో పెట్టుకుంటే చాలు. మీరు గుడ్డ లంగోటీలు వాడేవారైతే ఇదే లెక్క వర్తిస్తుంది, కాకపోతే అవి త్వరగా తడుస్తాయి కనుక గంటకొకటి చొప్పున వేసుకోవాలి, తడిసినవి ఇంటికి తిరిగి తేవడానికి నీరు కారని జిప్ సంచి ఒకటి ఎక్కువ కావాలి.

బట్టల విషయంలో మాత్రం నేను పిసినారితనం వద్దంటాను. సగం రోజు లోపు ప్రయాణానికి పాపకు లోపలి బట్టతో సహా ఒక పూర్తి జత, అంతకు మించితే రెండు జతలు తప్పనిసరి. వాటితో పాటు మీకోసం కూడా ఒక పలుచని పైబట్ట పెట్టుకోండి. పాప కక్కినా, డైపరు కారినా తడిసేది పాప ఒక్కతే కాదు, ఎత్తుకున్న మీరు కూడా తడుస్తారు. ఆ తడితోనే మిగిలిన పూటంతా నలుగురిలో కూర్చోవలసి రావడం చాలామంది తల్లులను బయటికి వెళ్లడానికే వెనుకాడేలా చేస్తుంది. ఇక పాపకు ఎలాంటి బట్ట పెట్టాలన్నది కూడా ఆలోచించవలసిందే. ముందువైపు బొత్తాలతో పూర్తిగా విచ్చుకునే చొక్కా గానీ, భుజాల దగ్గర ఒక మడత మీద ఇంకో మడత వచ్చేలా కుట్టిన బాడీసూట్ గానీ ఎంచుకోండి. ఆ భుజాల మడత అందం కోసం పెట్టింది కాదు. మెడ దగ్గర దాన్ని వెడల్పుగా సాగదీసి బట్టను భుజాల మీదుగా కిందికి, కాళ్ల వైపు లాగి తీసేయవచ్చు. మలం అంటిన బట్టను తల మీదుగా లాగవలసిన అవసరం లేకపోవడం వల్ల జుట్టుకూ ముఖానికీ అంటదు, స్నానం చేయించే వీలు లేని చోట ఇది ఎంత మేలో ఒక్కసారి అనుభవమైతే తెలుస్తుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మా పెద్దవాడు పసివాడుగా ఉన్నప్పుడు ఒక ప్రయాణంలో నేను మార్చే బట్టలను, పాలసీసాను ఒకే అరలో పక్కపక్కన పెట్టాను. సీసా మూత వదులై పాలన్నీ ఒలికి, వాడు కక్కి ఒంటి మీది చొక్కా తడిపేనాటికి సంచిలోని చొక్కా కూడా తడిసి ఉంది. వాణ్ని నా పైటచెంగులో చుట్టుకుని ఇంటికి చేరేదాకా నా మనసు మనసులో లేదు. ఆనాటి నుంచి ద్రవమైన ఏ వస్తువునూ బట్టలున్న అరలో పెట్టలేదు, బట్టలను ఎప్పుడూ జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో మూసి పెడుతూ వచ్చాను. ఆ సంచి వెళ్లేటప్పుడు పొడిబట్టలకు కాపు, వచ్చేటప్పుడు తడిబట్టలకు గూడు అవుతుంది.

ఇప్పుడు పనుల మూటల సంగతి. డైపరు మార్చడమనే పనికి ఒక మూట కట్టండి. పరచడానికి చిన్న రబ్బరు షీటు, దాని మీద వేసే మెత్తని నూలుగుడ్డ, ఒక డైపరు, చిన్న ప్యాకెట్టులో వైప్స్, పాడైన డైపరును చుట్టి పడేయడానికి ఒక కవరు, డాక్టరు సూచించి ఉంటే జింక్ ఆక్సైడ్ ఉన్న డైపర్ ర్యాష్ క్రీము చిన్న ట్యూబు — ఇవన్నీ ఆ మూటలోనే ఉండాలి. మొదట అవసరమయ్యేది పైకి వచ్చేలా రబ్బరు షీటును అన్నిటికీ బయట చుట్టండి. ముడి విప్పగానే షీటు పరుచుకుంటుంది, పాపను పడుకోబెట్టేసరికి మిగిలినవి చేతికి అందేంత దగ్గరలో ఉంటాయి. మార్చే గదిలోకి వెళ్లేటప్పుడు ఈ ఒక్క మూట తీసుకుని వెళితే పెద్ద సంచిని తడినేల మీద పెట్టవలసిన పనీ, పాపను వదిలి సంచిలో వెతకవలసిన పనీ ఉండవు. ఈ రెండో మాట చాలా ముఖ్యం. నాలుగు నెలల బిడ్డ నిన్నటి దాకా బోర్లా పడకపోయినా ఈరోజు పడవచ్చు, కనుక ఎత్తయిన బల్ల మీద మారుస్తున్నంతసేపూ ఒక చెయ్యి పాప మీద ఉండి తీరాలి. బల్లకు పట్టీ ఉన్నా సరే ఆ చెయ్యి తీయకండి. మీ రెండో చెయ్యి ఎంత దూరం చాచగలదో అంత దూరంలోనే అన్నీ ఉండాలని ఈ మూట కట్టమన్నాను. పని అయ్యాక షీటును తుడిచి, అదనపు డైపర్లలో ఒకదాన్ని అందులో పెట్టి మళ్లీ చుట్టేయండి. మూట ఎప్పుడూ ఒక మార్పుకు సిద్ధంగా ఉంటుంది, మిగిలిన డైపర్లు సంచి అడుగున ఉన్నా ఇబ్బంది లేదు.

రెండో మూట పాలది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సంచిలో పెట్టే వాటన్నిటిలో బిడ్డ ఆరోగ్యాన్ని నేరుగా తాకేది ఇదే. మీ పాలు ఇవ్వడానికి పెద్ద సామగ్రి అక్కరలేదు: ముందువైపు తెరుచుకునే జాకెట్టు, కప్పుకోవాలనుకుంటే ఒక పలుచని గుడ్డ, కారే పాలను పీల్చే ప్యాడ్లు రెండు, తేన్పు తెప్పించేటప్పుడు భుజాన వేసుకునే తువ్వాలు చాలు. ఆరు నెలలు నిండే వరకు పాపకు విడిగా మంచినీళ్లు కూడా అవసరం లేదు, ఎండలో వెళ్లినా పాలు ఇంకాస్త తరచుగా ఇస్తే సరిపోతుంది. నీళ్ల సీసా కావలసింది మీకు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. పిండి తెచ్చుకున్న తల్లిపాలైతే 25 డిగ్రీల సెల్సియస్ దాటని చోట నాలుగు గంటల వరకు, గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లతో కూడిన చల్లటి పెట్టెలో ఇరవై నాలుగు గంటల వరకు నిలుస్తాయి. ఎండ కాసే రోజున ఐస్ ప్యాక్ లేని మామూలు సంచిని ఆ 25 డిగ్రీల లెక్కలోకి తీసుకోవద్దు.

పాలపొడి విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పొడి డబ్బాను ఎంత శుభ్రంగా మూసినా ఆ పొడి సూక్ష్మజీవులు బొత్తిగా లేనిది కాదు. అందుకే 70 డిగ్రీలకు తగ్గని వేడినీటితో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంట్లోనే కలిపి, గోరువెచ్చగా ఉంచి, రెండు మూడు గంటలు సంచిలో మోయడం చాలామంది చేసే పొరపాటు. ఆ గోరువెచ్చదనంలోనే క్రిములు వేగంగా పెరుగుతాయి. వేడి నిలిపే అర ఉన్న సంచిని అమ్మేటప్పుడు పాలు గంటల తరబడి వెచ్చగా ఉంటాయని గొప్పగా చెబుతారు కానీ, కలిపిన పాల విషయంలో అది మనం కోరుకోవలసిన గుణం కాదు. దాని బదులు, ఒక పూటకు సరిపడే పొడిని ఇంట్లోనే చెంచా తలగొట్టి కొలిచి, శుభ్రంగా ఉడికించి ఆరబెట్టిన చిన్న డబ్బాలో పోయండి. అప్పుడే మరగబెట్టిన నీటిని శుభ్రమైన ఫ్లాస్కులో పోసి గట్టిగా మూయండి. ఖాళీ పాలసీసాను ఉడికించి, పాలపీక మీద మూత పెట్టి విడిగా పెట్టుకోండి. పాప ఆకలికి ఏడుపు లంకించుకోక ముందే, అంటే చేతులు నోట్లో పెట్టుకుంటూ తల అటూ ఇటూ తిప్పే సమయానికే కలపడం మొదలుపెడితే మీకు తొందర ఉండదు. ముందు నీరు, తరువాత పొడి, పొడి డబ్బా మీద రాసిన కొలత ప్రకారం వేసి కలిపి, సీసాను చన్నీళ్ల గిన్నెలోనో కుళాయి ధార కిందో చల్లార్చి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూశాకే పట్టండి. కలిపిన పాలు బయట రెండు గంటలకు మించి ఉంచరాదు. పాప పెదవి తగిలిన సీసాలో మిగిలినవి గంట దాటాక పారబోయాలి, ఎంత మిగిలినా మళ్లీ పట్టకండి. ఫ్లాస్కు ఎప్పుడూ సంచి బయటి అరలో నిటారుగా ఉండాలి. పాపను ఒళ్లో పెట్టుకుని మూత తీయకండి, ముందు పాపను పక్కన ఎవరికైనా అందించండి, లేదా భద్రంగా పడుకోబెట్టి తీయండి. ఇంత శ్రమ కుదరని రోజున, కలిపి సిద్ధంగా మూసి అమ్మే ద్రవరూపంలోని శిశు ఆహారం దొరికే చోట అది వాడవచ్చు. మూత తెరిచే వరకు అందులో క్రిములుండవు.

మూడో మూట చిన్నది. ఒక తువ్వాలు, ఒక బిబ్, మెత్తని నూలుగుడ్డలు రెండు. ఈ నూలుగుడ్డను నేను పసిబిడ్డ సంచిలో అన్నిటికన్నా విలువైన వస్తువుగా లెక్కపెడతాను. అది పాప కక్కినప్పుడు తుడిచే గుడ్డ, చల్లగాలికి కప్పే దుప్పటి, పాలిచ్చేటప్పుడు మరుగు, అవసరమైతే పాపను చుట్టే పొత్తిగుడ్డ కూడా. ఒక్క పనికి మాత్రం దాన్ని వాడకండి. ఎండ పడుతోందని స్ట్రోలర్ మీద గుడ్డను నిండుగా కప్పితే లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది, పాప మనకు కనబడదు కూడా. ఎండకు నీడనూ, అంచున్న టోపీనీ, ఒళ్లంతా కప్పే పలుచని నూలుబట్టనూ నమ్ముకోవాలి. ఆరు నెలల లోపు పిల్లలకు సాధారణంగా సన్‌స్క్రీన్ రాయవద్దంటారు కనుక అది మీ సంచిలో ఇప్పుడే అక్కరలేదు.

ఇక సంచి. మీరు ఒంటరిగా వెళుతున్నారు, ఆపరేషన్ అయి నాలుగు నెలలే అయింది, ఇప్పటికే నడుము నొప్పి ఉంది. ఈ మూడింటినీ కలిపి చూస్తే వీపుకు రెండు పట్టీలతో తగిలించుకునే సంచే మీకు తగినదని నిస్సందేహంగా చెబుతాను. ఒక భుజానికి వేలాడే సంచి బరువుకు ఒళ్లు ఒకవైపు ఒరుగుతుంది. దాన్ని సరిచేయడానికి నడుము రెండోవైపు వంగుతుంది. పాపను చంకన వేసుకుంటే ఆ వంపు ఇంకా పెరుగుతుంది. పొట్ట కండరాలు కాన్పు తరువాత పూర్తిగా బిగుసుకోవడానికి నెలలు పడుతుంది కనుక ఆ భారమంతా నడుము మీదే పడుతుంది. పైగా పాప కోసం ముందుకు వంగిన ప్రతిసారీ భుజం మీది సంచి జారి ముందుకొచ్చి పాపకు తగులుతుంది. వీపు సంచికి ఈ బాధ లేదు, రెండు చేతులూ మీవే అవుతాయి. భుజానికి వేసుకునే సంచికి ఉన్న సౌకర్యం ఒక్కటే, దాన్ని తీయకుండానే అందులోని వస్తువు తీసుకోవచ్చు. మీ డబ్బు, ఫోను, తాళాలు, టీకా కార్డు ఒక చిన్న సంచిలో పెట్టి దాన్ని ఒంటికి అడ్డంగా వేసుకుంటే ఆ సౌకర్యం కూడా మీకు దక్కుతుంది.

అయితే కొనడానికి వెళ్లేముందు ఇంట్లో బీరువా తెరిచి చూడండి. పాత కాలేజీ వీపుసంచి ఒకటి ఉంటే, మూటల పద్ధతికి అదే చాలావరకు సరిపోతుంది. సంచికి అరలు తక్కువైతే మూటలు ఆ లోటు తీరుస్తాయి. మూటలు లేని సంచికి పదహారు అరలున్నా ఉపయోగం లేదని మీకు ఇప్పటికే తెలిసింది. కొనవలసి వస్తే మాత్రం అంగట్లో పాపను ఎత్తుకునే, లేదా ఆ బరువున్న దేన్నో చంకన పెట్టుకుని, ఒక్క చేత్తో ఆ సంచి జిప్ తెరిచి చూడండి. జిప్ లాగుతుంటే సంచి మొత్తం వెంట వస్తూ ఉంటే దాన్ని పక్కన పెట్టండి. నోరు వెడల్పుగా తెరుచుకుని, నేల మీద పెడితే పక్కకు ఒరగకుండా నిలిచేదాన్ని ఎంచుకోండి. లోపలి గుడ్డ లేత రంగులో ఉండటం చాలామంది పట్టించుకోని విషయం. నల్లని లోపలి గుడ్డలో చీకటి పడ్డాక ఏ వస్తువూ కనబడదు. ఆ గుడ్డ తడిబట్టతో తుడిస్తే శుభ్రపడేది కావాలి, సంచి మొత్తం ఉతకడానికి వీలైనదైతే ఇంకా మంచిది. పట్టీలు వెడల్పుగా, మెత్త వేసి ఉండాలి. ఖాళీ సంచే చేతికి బరువుగా తగిలితే, అది ఎంత అందంగా ఉన్నా వద్దు. సర్దిన తరువాత బరువు చూసే పద్ధతి కూడా చెబుతాను: బరువు తూచే యంత్రం మీద సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబడండి. తేడా మీ పాప బరువులో సగం దాటితే ఏదో ఒకటి తీసేయవలసిందేనని నేను పెట్టుకున్న హద్దు. లీటరు నీళ్లే కిలో బరువు తూగుతాయి కాబట్టి దారిలో మంచినీళ్లు దొరికే ప్రయాణానికి అరలీటరు సీసా చాలు.

సంచిని ఎక్కడ పెడతామన్నది కూడా పాప భద్రతకు సంబంధించిన మాటే. స్ట్రోలర్ చేతిపిడికి బరువైన సంచి తగిలిస్తే, పాపను ఎత్తుకున్న మరుక్షణం ముందు బరువు తగ్గి బండి వెనక్కి తిరగబడుతుంది. పాప అందులో ఉండగానే తిరగబడే అవకాశమూ ఉంది. సంచికి చోటు బండి కింది బుట్టలోనే. కారులో దాన్ని సీటు మీద వదులుగా పెట్టకుండా కాళ్ల దగ్గర నేల మీద పెట్టండి, గట్టిగా బ్రేకు వేస్తే సీటు మీది వస్తువులు ఎగిరి ముందుకు వస్తాయి.

సంచిలో ఉండకూడనివి కూడా ఉన్నాయి. మీ సొంత మాత్రలు, చిల్లర నాణేలు, పిన్నులు, గుండ్రటి బొత్తాం బ్యాటరీలు, వీటిలో ఏదీ పాప సంచిలో పెట్టకండి. ఇప్పుడు పాప చెయ్యి అక్కడికి చేరదు, కానీ రెండు మూడు నెలల్లో కూర్చుని, తరువాత పాకుతూ వచ్చి మొదట తెరిచే పెట్టె ఈ సంచే అవుతుంది. వీటన్నిటిలో బొత్తాం బ్యాటరీ ఎక్కువ ప్రమాదకరం. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చివేయగలదు. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరు ఉండవచ్చు, 60 శాతానికి తగ్గకుండా ఆల్కహాలు ఉన్నది కావాలి, కానీ జిప్ ఉన్న అరలో ఉండాలి. మలం అంటిన చేతులకు శానిటైజరు చాలదు, సబ్బుతో కడుక్కోవలసిందే. ఒక చిన్న సబ్బు కాగితాల ప్యాకెట్టు ఉంటే కుళాయి ఉన్న ప్రతి చోటా పని జరుగుతుంది. పాడైన డైపర్లకు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లను విడిగా వదలకుండా ముడివేసి ఉంచండి, పసిపిల్లల ముఖానికి అంటుకుంటే ఊపిరాడదు.

జ్వరం మందు ఎప్పుడూ సంచిలో ఉండాలా అని చాలామంది అడుగుతారు. నాలుగైదు గంటల ప్రయాణానికి అక్కరలేదని నా అభిప్రాయం. ఈ వయసులో మోతాదు పాప బరువును బట్టి డాక్టరు చెప్పవలసినది, వేడెక్కిన కారులో మందు సీసా ఉంచడం దానికీ మంచిది కాదు. రాత్రి బయట గడపవలసి వస్తే, డాక్టరు రాసిచ్చిన చీటీతో, దాని కొలత గొట్టంతో సహా పెట్టుకోండి. మందు కన్నా ఎప్పుడూ ఉండవలసింది ఒక కాగితం ముక్క. దాని మీద పాప పుట్టిన తేదీ, ఈ మధ్య చూసిన బరువు, ఏదైనా పడకపోతే దాని వివరం, మీ వారి నంబరు, డాక్టరు నంబరు రాసి సంచి లోపలి అరలో పెట్టండి. ఫోనులో చార్జి అయిపోయిన రోజున అదే ఆదుకుంటుంది.

ఆరు నెలలు దాటి పాప పైతిండి మొదలుపెట్టాక సంచి కొంత మారుతుంది. అప్పుడు మెత్తని చెంచా, గట్టి మూతగల చిన్న గిన్నె, కొద్దిగా నీళ్లు తాగడానికి ఒక కప్పు, తడిస్తే తుడుచుకునే పెద్ద బిబ్ వచ్చి చేరతాయి. డైపర్ల లెక్క కొద్దిగా తగ్గుతుంది. వండిన పదార్థం బయట రెండు గంటలు, మండుటెండల్లో ఒక గంట మించి నిలవ ఉండరాదన్న మాట మాత్రం గుర్తుంచుకోండి. ఆటవస్తువు ఒకటి చాలు, అది పాప నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దదిగా ఉండాలి.

సంచిని వెళ్లే ముందు కాక, తిరిగి వచ్చిన గంటలోనే సర్దండి. మురికి బట్టలు, సీసా, ఫ్లాస్కు తీసేసి, మూటలో తగ్గినవి నింపి, సంచిని తలుపు దగ్గర ఒకే కొక్కేనికి తగిలించండి. అలా చేస్తే మరుసటి ప్రయాణానికి చివరి నిమిషంలో కలపవలసినవి పాల మూట, నీళ్లు మాత్రమే. రెండు వారాలకోసారి పాప బట్టలు ఇంకా పడుతున్నాయో లేదో కొలిచి చూడండి. ఈ వయసులో పిల్లలు ఎంత త్వరగా ఎదుగుతారంటే, ఎప్పుడో పెట్టిన గౌను అవసరమైన రోజున భుజాల దగ్గరే ఆగిపోతుంది. మీ వారి చేత కూడా ఒకసారి మూటలు కట్టించండి. ఏది ఎక్కడ ఉందో ఒక్కరికే తెలిసిన సంచి ఆ ఒక్కరు అలసిపోయిన రోజున ఎవరికీ ఉపయోగపడదు.

వచ్చే వారం టీకాకు మీరు తీసుకువెళ్లవలసినవి ఇవి. ఒక డైపరుతో కట్టిన మార్పు మూట, అడుగున మరో మూడు డైపర్లు, జిప్ సంచిలో పాపకు ఒక జత, మీకు ఒక పైబట్ట, నూలుగుడ్డలు రెండు, తువ్వాలు ఒకటి, అరలీటరు నీళ్లు. పాలపొడి ఒక పూటదే పెట్టుకోండి, అయితే ఆ రోజు వీలైనంత వరకు మీ పాలే ఇవ్వమని నా మాట. సూది వేసే ముందు, వేసేటప్పుడు, వేసిన వెంటనే తల్లి పాలిస్తే బిడ్డకు నొప్పి తక్కువగా తెలుస్తుంది, కాబట్టి ముందువైపు తెరుచుకునే జాకెట్టు వేసుకోండి. ఈ వయసులో టీకాలు ఎక్కువగా తొడకు వేస్తారు, పాపకు బిగుతు పైజామా కాక తొడ వరకు సులువుగా తొలగే వదులు గౌను తొడిగి తీసుకువెళ్లండి. టీకా తరువాత కాసేపు అక్కడే కూర్చోమంటారు; ఆ సమయాన్ని కూడా కలిపే మనం నాలుగు గంటల లెక్క వేశాము. టీకా కార్డు మీ చిన్న సంచిలో పెట్టుకోండి, పాప సంచిలో కాదు. ఆ గదిలోకి అడుగుపెట్టగానే మొదట అడిగేది అదే. ఈ సంచినీ, పాపనూ తీసుకుని ఒక రోజు ముందుగా అరగంట సేపు ఇంటి చుట్టుపక్కల నడిచి రండి. ఎక్కడైనా కూర్చుని ఒక్క చేత్తో మూట బయటికి తీసి విప్పి చూడండి. ఏ జిప్ మొరాయించిందో, ఏ వస్తువు చేతికి అందలేదో అప్పుడే తెలుస్తుంది, సరిచేసుకోవడానికి ఇంకా ఒక పూట మీ చేతిలో ఉంటుంది.